సముద్రం దాకా రబ్బరు దారి

కార్తీకం మొదలైన రెండో రోజున నేను ఎదురింటి సూర్యకాంతమ్మ గారి దగ్గరకు వెళ్లి, పంచాంగం ఒకసారి ఇవ్వమని అడిగాను. ఆవిడ గుమ్మంలో కూర్చుని బియ్యం చెరుగుతోంది. చేట అలాగే గాలిలో ఆగిపోయింది.

"పంచాంగమా? మీకా అన్నయ్యగారూ?"

"నాకే. పౌర్ణమి ఏ రోజు ఏ వేళకు వస్తుందో చూడాలి."

"ఓలమ్మ! వదినా, ఇన్నావా? అన్నయ్యగారు పౌర్ణమెప్పుడని అడగతన్నారు!" అని ఆవిడ నా భుజం మీదుగా మా ఇంట్లో ఉన్న నా భార్యకు కేక పెట్టింది.

నేను వివరించబోయాను. సముద్రపు ఆటుపోట్లు చంద్రుణ్ణి బట్టి నడుస్తాయి. తిథి అంటే సూర్యుడి నుంచి చంద్రుడు ఎంత దూరం జరిగాడో చెప్పే లెక్క. ఆ లెక్క మీద నాకు ఏనాడూ అభ్యంతరం లేదు, అభ్యంతరమల్లా దాని వెనక పేజీల్లో ఉండే రాశిఫలాల మీద. ఫోనులో చూస్తే ఆటుపోట్ల వేళలు వారం రోజులకు మించి కనిపించడం లేదు, నాకు రెండు వారాల తర్వాతి సంగతి కావాలి. ఇదంతా ఆవిడ శ్రద్ధగా విన్నది.

"అంటే చంద్రుడి కోసమే కదా?"

"చంద్రుడి కోసమే."

"ఆ చంద్రుడు ఎవరి నెత్తి మీదున్నాడు? మరింకేటి!" అని లోపలికి వెళ్లి, పంచాంగం కళ్లకద్దుకుని తెచ్చి నా చేతిలో పెట్టింది.

మాది కూర్మన్నపాలెంలో లిఫ్టు ఉన్న నాలుగంతస్తుల అపార్టుమెంటు. ఉక్కు కర్మాగారంలో పదవీ విరమణ చేసి, ఉక్కునగరం క్వార్టర్లు ఖాళీ చేసిన వాళ్లమే ఇందులో ఎక్కువ. నేను రసాయన ప్రయోగశాలలో పనిచేశాను. హేతువాద సభల్లో మాట్లాడే అలవాటు ఉద్యోగం కంటే ముందే వచ్చింది, ఉద్యోగం పోయాక కూడా పోలేదు. అటువంటి మనిషి పంచాంగం పట్టుకుని ఇంట్లోకి వెళ్లడం ఆ సాయంత్రానికి అన్ని అంతస్తుల్లోనూ వార్త అయింది. దాని పర్యవసానం నాకు తరువాత గాని తెలియలేదు.

నాకు పౌర్ణమి ఎందుకు కావలసి వచ్చిందో చెప్పాలి. నా భార్య ఆదిలక్ష్మికి నిరుడు దసరా వెళ్లాక పక్షవాతం వచ్చింది. కుడి కాలూ కుడి చెయ్యీ దెబ్బతిన్నాయి. చెయ్యి కొంత తేరుకుంది, కాలు తేరుకోలేదు. చక్రాల కుర్చీలో ఇల్లంతా తిరుగుతుంది, వంట దగ్గర కూర్చుని అజమాయిషీ చేస్తుంది, సూర్యకాంతమ్మతో పోట్లాడుతుంది. అంతకు ముందు ప్రతి కార్తీకంలోనూ కాలనీ ఆడవాళ్లతో కలిసి సముద్ర స్నానానికి వెళ్లి వచ్చేది. నిరుడు ఆస్పత్రిలో ఉంది. ఈ ఏడు దీపావళి మర్నాడు నన్ను పిలిచి కూర్చోబెట్టి అడిగింది.

"నన్ను సముద్రానికి తీసుకెల్లండి. స్నానం అక్కర్లేదు, నా కాళ్లు నీళ్లలో పెట్టాల. అంతే."

"తప్పకుండా."

"ఇంకోటి. నన్నెవరూ మొయ్యకూడదు."

ఆ రెండో మాట ఎందుకన్నదో నాకు తెలుసు. వేసవిలో ఒక పెళ్లికి వెళ్లాం. కల్యాణమండపానికి మెట్లు. నలుగురు కుర్రాళ్లు మంచి మనసుతోనే కుర్చీని భుజాల దాకా లేపి, "జరగండి, జరగండి" అంటూ జనం మధ్య నుంచి తీసుకెళ్లారు. పెళ్లికొడుకును చూడవలసిన వాళ్లంతా ఆవిణ్ణి చూశారు. ఇంటికి వచ్చాక ఆవిడ ఏడవలేదు. "బియ్యం బస్తాను దింపినట్టు దింపినారు నన్ను" అంది. ఆ రోజు నుంచి మెట్లున్న చోటికి ఎక్కడికీ రానంది. చివరికి తన చెల్లెలి గృహప్రవేశానికి కూడా వెళ్లలేదు.

కనుక సమస్య ఇది: చక్రాల కుర్చీ ఎవరి చేతుల మీదా లేవకుండా, తనంతట తాను దొర్లుతూ నీళ్ల దాకా పోవాలి. పొడి ఇసుకలో కుర్చీ ముందు చక్రాలు దిగిపోతాయి. తడి ఇసుకలో దిగవు. రేణువుల మధ్య నీరు నిలిచి ఇసుక బిగిసిపోయి ఉంటుంది. అందువల్ల రోడ్డుకూ తడి ఇసుకకూ మధ్య పొడి ఇసుక తక్కువగా ఉండే తీరం కావాలి. కెరటం నెమ్మదిగా ఉండాలి. సముద్రం బాగా వెనక్కి తగ్గిన వేళ కావాలి, అప్పుడే బిగువైన తడి నేల ఎక్కువ దొరుకుతుంది.

విశాఖపట్నంలో ఉన్నవాడికి సముద్రానికి కొరత లేదు. చక్రాల కుర్చీతో బయలుదేరితే మాత్రం ఉన్నట్టుండి ఊరు సముద్రం లేని ఊరైపోతుంది. మాకు దగ్గరిది అప్పికొండ. అక్కడ రాళ్లు. యారాడకు కొండ దిగి వెళ్లాలి, ఆపైన ఇసుక నడక చాలా దూరం. ఆర్కే బీచిలో రోడ్డు పక్కనే నీళ్లు, మధ్యలో గోడా మెట్లూ. రుషికొండలో జనం. ఇవన్నీ నా మిత్రుడు ఎల్లారావు స్కూటరు వెనక కూర్చుని స్వయంగా చూసి వచ్చాను. ఎల్లారావు కర్మాగారంలో క్రేను నడిపేవాడు, నన్ను బావ అని పిలుస్తాడు, దేవుణ్ణి నమ్ముతాడు, నన్నూ నమ్ముతాడు. చివరికి భీమునిపట్నంలో ఊరికి కొంచెం ఇవతల, సరుగుడు తోట పక్కన మాకు కావలసిన చోటు దొరికింది. వాలు సన్నగా, పళ్లెం అంచులా ఉంది. టేపు పెట్టి పొడి ఇసుకను కొలిచాను. పద్నాలుగు మీటర్లు.

"ఈ పద్నాలుగు మీటర్లు ఎలగ దాటిస్తావు బావ?" అన్నాడు ఎల్లారావు.

"కన్వేయర్ బెల్టు మీద."

వాడు రెండు నిమిషాలు నవ్వాడు. తరువాత, "అవునొరే, అవుద్ది," అన్నాడు.

పోర్టులో ఖనిజాన్ని మోసిమోసి అరిగిపోయిన రబ్బరు బెల్టులు చివరకు పాత సామాన్ల వాళ్ల దగ్గరకు చేరతాయి. పశువుల పాకల్లో, మెకానిక్ షెడ్లలో, లారీల అడుగున పరిచి ఉండేవి అవే. వన్ టౌన్‌లో నజీర్ గోదాము నాకు తెలుసు. వెళ్లి అడిగాను.

"దేని కింద వేస్తారు సాబ్?"

"మా ఆవిడ కుర్చీ కింద."

"ఎక్కడ?"

"సముద్రంలో."

నజీర్ నా ముఖంలోకి తేరిపార చూశాడు. "ఒడ్డు దాకానే," అన్నాను. సంగతి మొత్తం చెప్పాను. అతను లేచి, గోదాము చివర చుట్టలు చుట్టి పెట్టిన వాటిలో ఒకటి చూపించి, "ఇది అమ్మను. పట్టుకెళ్లండి, పనయ్యాక పంపండి. మా రఫీ ట్రాలీ ఆటోలో తెస్తాడు," అన్నాడు. రఫీ అతని తమ్ముడు. ఆ బెల్టు ఇనుప ఖనిజపు ధూళితో ఎర్రగా ఉంది. తీరా మేం బయలుదేరే రోజున అది నల్లగా నిగనిగలాడుతూ వచ్చింది. అడిగితే రఫీ చెప్పాడు. "అన్న రెండు రోజులు కడిగించాడు సార్. అమ్మ కాళ్లకు ఎర్రమట్టి అంటకూడదన్నాడు."

వేళ విషయంలో ఆదిలక్ష్మికీ నాకూ కొంత వాదన జరిగింది. కార్తీక స్నానం తెల్లవారుజామున చెయ్యాలి. నా లెక్క ప్రకారం పౌర్ణమి రోజుల్లో ఇక్కడ ఉదయం పోటు, మధ్యాహ్నం మూడు దాటాక ఆటు. పైగా నీరు అన్నిటికంటే ఎక్కువగా తగ్గేది పౌర్ణమి నాడు కాదు, ఒకటి రెండు రోజుల తరువాత. ఆ లెక్కకు ఆదివారం సరిగ్గా కుదిరింది.

"మధ్యానం స్నానం రాక్షస స్నానమంటారండి," అంది.

"అంటే ఏం చేద్దాం?"

"ఏటి సేత్తాం. రాక్షసుడితో కాపరమే సేత్తన్నాను, స్నానం ఒక లెక్కా!"

నా పథకంలో ఉన్నది ఐదుగురు: మేమిద్దరం, మా అబ్బాయి గుణశేఖర్, ఎల్లారావు, రఫీ. గుణశేఖర్ కూడా ఉక్కు కర్మాగారమే. ఆ ఆదివారం తోటివాడితో షిఫ్టు మార్చుకున్నాడు. శుక్రవారం నాడు ఎల్లారావు వచ్చి, బస్సు కుదిరిందని చెప్పాడు.

"ఏ బస్సు?"

"వనభోజనాలకి బావ. బిల్డింగంతా వత్తన్నారు. నలభై మంది దాకా తేలేరు."

"ఎవరు రమ్మన్నారు?"

"ఎవులు రమ్మనడమేటి? నువ్వు పంచాంగం సూసి ముహూర్తం ఎట్టినావంట కదా. నువ్వు మారిపోనావని అందరూ ఒకటే సంబరం."

"నేను మారలేదు. అది ముహూర్తం కాదు, ఆటు వేళ."

"మారకపోతే మారకపోనావు గాని, పులిహోర మాత్రం వొద్దనకు."

నాకు నిజంగానే కోపం వచ్చింది. ఆవిడకు జనం చూపులంటే భయం కాబట్టే నేను నిశ్శబ్దమైన చోటు వెతికాను. ఇప్పుడు ఆ చోటికి నలభై జతల కళ్లు బస్సెక్కి వస్తున్నాయి. ఆదిలక్ష్మికి చెప్పి, మరో ఆదివారానికి మార్చుకుందామన్నాను. ఆవిడ కాసేపు ఆలోచించి, "మరో ఆదివారం నీరు తగ్గదు కదా. రానీండి," అంది.

ఆదివారం వాళ్లు బస్సులో, మెట్లెక్కే పని లేకుండా మేం కారులో భీమునిపట్నం చేరాం. సరుగుడు తోటలో ఉసిరి చెట్టు లేదు. కార్తీక వనభోజనం ఉసిరి చెట్టు కిందే చెయ్యాలి కాబట్టి సూర్యకాంతమ్మ గారు ఊరి నుంచే ఒక ఉసిరి కొమ్మ తెచ్చి ఇసుకలో గుచ్చింది. దాని చుట్టూ నలభై మంది విస్తళ్లు వేసుకుని కూర్చున్నారు. దాని నీడ ఒక పిల్లికి కూడా చాలదని నేను అన్నాను.

"మీటింగుల్లో వెనకాల బ్యానరు కట్టుకోరేటి మీరు? అది నీడిత్తాదా?" అంది ఆదిలక్ష్మి. పక్కనున్న వాళ్లు పొట్ట పట్టుకుని నవ్వారు. నేను పులిహోర తిన్నాను.

మూడు దాటాక గుణశేఖరూ రఫీ బెల్టు చుట్టను రోడ్డు అంచుకు దొర్లించారు. నేను ముందు నడిచి ఇసుక మీదికి దిగి, ఆగిపోయాను.

వాలు లేదు. రెండు వారాల కిందట పళ్లెం అంచులా ఉన్న చోట ఇప్పుడు ఒక గట్టు ఉంది. మోకాలికి పైదాకా ఎత్తు, కత్తితో కోసినట్టు నిలువుగా. ఆ వారం మధ్యలో అల్పపీడనం ఒకటి వచ్చి పోయింది. కూర్మన్నపాలెంలో నాలుగు చినుకులు పడ్డాయి, అంతే. సముద్రం ఇక్కడ తీరాన్నే కోసుకుపోయింది. గట్టు కింద నేను లెక్క వేసినట్టే నీరు వెనక్కి తగ్గి, తడి ఇసుక అద్దంలా మెరుస్తూ పరుచుకుని ఉంది. నేను ఆ చోటును ఒక్కసారి కొలిచాను. ఒక్క కొలతతో తీర్మానం చెయ్యకూడదని ప్రయోగశాలకు వచ్చిన ప్రతి కొత్తవాడికీ చెప్పిన మనిషిని నేను.

గుణశేఖర్ గట్టు చూశాడు, వాళ్లమ్మను చూశాడు. "అమ్మా, నలుగురం పట్టుకుంటే నిమిషం పని."

ఆదిలక్ష్మి అతని వైపు చూడలేదు. చీర కొంగు సర్దుకుంది. "వొద్దులే నాన్నా. ఇక్కణ్ణించి కనబడతంది కదా. ఇలగే సూత్తాను, సాలు." గొంతు మామూలుగానే ఉంది. అలా మామూలుగా ఉండడానికి ఆవిడ ఎంత శ్రమపడుతున్నదో నాకు తెలుసు.

తోటలో గిన్నెలు తోముతున్న వాళ్లు ఒక్కొక్కరే వచ్చి నిలబడ్డారు. నేను భయపడిన క్షణం అదే. అంతా ఆవిణ్ణి చూస్తారనుకున్నాను. వాళ్లు గట్టును చూశారు. సూర్యకాంతమ్మ గారు కొంగు నడుముకు చెక్కి, అన్నం గరిటె పట్టుకుని గట్టు అంచుకు నడిచింది.

"ఏటలగ నిలబడిపోనారు? ఇసకే కదా, ఇనుమేటి? తవ్వీండి!"

"ఇనుమైనా వొగ్గనేదు మనం," అంటూ ఎల్లారావు లుంగీ ఎగగట్టి ఒక బేసిను అందుకున్నాడు. "బావ, నువ్వు లెక్క సెప్పు, మేం తవ్వుతాం."

"ఎత్తుకు ఎనిమిది రెట్లు పొడవుండాలి. లేకపోతే కుర్చీ ముందుకు బోర్లా పడుతుంది," అన్నాను. అని, నేనూ ఒక స్టీలు పళ్లెం తీసుకుని మోకాళ్ల మీద కూర్చున్నాను.

వనభోజనానికి తెచ్చిన సామగ్రి అంతా మట్టిపనికి దిగింది. సాంబారు గరిటెలు, అప్పడాలు వేయించే జల్లిగరిటె, రెండు గుండిగలు, ఎవరిదో టిఫిను డబ్బా మూత. తవ్విన కొద్దీ పొడి ఇసుక పక్కల నుంచి జారి పూడుకుపోతుంటే, నీళ్లు పోస్తే నిలుస్తుందని చెప్పాను. ఆడవాళ్లు వరస కట్టి సముద్రం నుంచి బిందెలు అందించుకున్నారు. తడిసిన ఇసుకను పిల్లలందరినీ తొక్కమన్నాం. అంతకంటే ఇష్టమైన పని వాళ్లకు ఎవరూ ఏనాడూ చెప్పి ఉండరు. ఆదిలక్ష్మి పైన కూర్చుని ఊరుకోలేదు.

"ఆ ఎడమ పక్క ఒంకరొచ్చింది! సూర్యకాంతం, గరిటె అలగేనా పట్టడం? అందుకే నీ పప్పు అడుగంటుతాది."

"నీకోసమే తవ్వుతన్నాను వదినా, నోరు మూసుకో!"

ఆ తిట్టు వినగానే నా భార్య నవ్వింది. ఎవరో ఉపకారం చేస్తున్నారన్న ఇరుకు ఆ ముఖంలో లేదు. తనదే పని, తనే చేయిస్తున్నట్టు ఉంది.

వాలు తయారయ్యాక రోడ్డు నుంచి కింది దాకా బెల్టు పరిచాం. ఏళ్ల తరబడి దోనెలా వంగి ఖనిజం మోసిన రబ్బరు కాబట్టి రెండు అంచులూ పైకి లేచి ఉన్నాయి. అది కుర్చీ పక్కకు జారకుండా గట్టుకట్టినట్టయింది. ఇది నేను లెక్క వేసినది కాదు. గుణశేఖర్ వెనక పట్టుకున్నాడు. ఎల్లారావు ముందు నిలబడి, వెనక్కి అడుగులు వేస్తూ, క్రేనుకు కింద నుంచి ఇచ్చే సంజ్ఞలు మొదలుపెట్టాడు. అరచెయ్యి కిందికి తిప్పితే దించమని, పిడికిలి బిగిస్తే ఆపమని.

"నన్నేటి ఎల్లారావూ, ఇనప దుంగని దించినట్టు?"

"మాటాడకు సెల్లెమ్మా. కరిగిన ఉక్కు గిన్నె దించినప్పుడు కూడా ఇంత భయపడనేదు నాను."

గట్టు దాటే చోట కుర్చీ ఒక్కసారి ముందుకు ఒరిగింది. ఎల్లారావు పిడికిలి బిగిసింది. ఎవరూ చెయ్యి వెయ్యలేదు. వెయ్యాలని ఎందరి చేతులు కదిలాయో చూశాను, ఒక్కటీ ముందుకు రాలేదు. ఆవిడ షరతు వాళ్లకు నేను చెప్పలేదు. సూర్యకాంతమ్మ చెప్పి ఉంటుంది. కుర్చీ మెల్లగా నిలదొక్కుకుని, బెల్టు దిగి, తడి ఇసుక మీదికి వచ్చింది. వెనక రెండు సన్నటి గీతలు మాత్రం పడ్డాయి.

నీటి అంచున గుణశేఖర్ బ్రేకు వేశాడు. నేను వంగి ఆవిడ చెప్పులు తీశాను. ఎడమ పాదం తనే నేల మీద పెట్టింది, కుడిదాన్ని నేను సర్దాను. నురగ వచ్చి చీలమండలు దాటి పోయింది.

ఆవిడ ముందుకు వంగి ఆ నీళ్లు వెనక్కి పోవడం చూసింది.

"సల్లగా ఉందా?" అని అడిగాను. నాకు తెలియకుండానే మా అమ్మ భాష వచ్చింది.

"ఎడం కాలికి ఉంది. కుడికాలికి తెలీడం నేదు." పాదాల వైపే చూస్తోంది. "తెలీకపోతే మానె. రెండూ తడిసేయి."

నేను లేచి వెనక్కి తిరిగాను. గట్టు మీద వాళ్లంతా గరిటెలు పట్టుకుని నిలబడి ఉన్నారు, ముఖాలకు ఇసుక, చేతులకు ఇసుక. చేతులు జోడించాను.

"నాకేటికండీ దండం? పైనోడికి ఎట్టండి!" అని అరిచింది సూర్యకాంతమ్మ.

"ఆయన తవ్వలేదమ్మా. మీరు తవ్వారు."

"తవ్వించినోడెవరో?"

ఈ ప్రశ్నకు నా దగ్గర సమాధానం ఉంది, అది చిన్నది కూడా కాదు. చెప్పాలనిపించలేదు. నా లెక్క తప్పినచోట వాళ్లు ఎవరి పేరు చెప్పుకుని వచ్చారో నాకెందుకు? వచ్చారు. మోకాళ్ల మీద కూర్చుని ఇసుక తోడారు. నాకు దేవుడు లేడు కాబట్టి ఈ ఋణం దారి మళ్లించడానికి ఇంకొక చిరునామా లేదు, అది నేరుగా వీళ్లకే చెందుతుంది. ఆ సంగతి నాకు ఆ పూట ఎంతో తేలికగా, ఎంతో హాయిగా అనిపించింది.

నీరు తిరిగే వేళ దగ్గరపడింది. కాసేపటికి అల కుర్చీ చక్రాల దాకా వచ్చింది. రఫీ బెల్టు చివర పట్టుకుని, "సార్, పోటు మొదలైంది, అమ్మను పైకి తెద్దామా?" అని పైనుంచి అడిగాడు. నేను ఆదిలక్ష్మి వైపు చూశాను.

"ఇంకొక్క అల," అంది.

అది వచ్చి పోయింది. "ఇంకొక్కటి," అంది. గట్టు మీద ఎవరూ కదల్లేదు. ఎల్లారావు ఆగమన్నట్టు ఎత్తిన పిడికిలి దించలేదు.